డబ్బా మీద పండు, కప్పులో గోంగూర

సూపర్ మార్కెట్‌లో హెర్బల్ టీల అర ముందు నిలబడితే పండ్లతోటలోకి వచ్చినట్టుంటుంది. ఒక డబ్బా మీద స్ట్రాబెర్రీ, పక్కదాని మీద పీచ్ పండు, ఇంకోదాని నిండా గులాబీ రేకులు. డబ్బా వెనక్కి తిప్పి సన్నక్షరాల్లో ఉన్న దినుసుల పట్టీ చదివితే తోట కాస్తా మాయమవుతుంది. నీళ్లు పోయగానే ఎర్రగా దిగే పండ్ల టీల్లో చాలావాటికి ఆ పట్టీలో మొదట కనిపించే పేరు హైబిస్కస్. ఆ మాట వినగానే తెలుగువాళ్లకు పెరట్లో ముద్దమందారం, ఆ వెంటనే తలనూనె గుర్తొస్తాయి. డబ్బాలో ఉన్నది మందారం కాదు. మందారానికి దగ్గరి చుట్టం, తెలుగువాళ్లకు అంతకన్నా దగ్గరి చుట్టం అయిన గోంగూర.

1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ‘హైబిస్కస్ సబ్దారిఫా’ అని పేరుపెట్టిన మొక్క అది. తెలుగునాట గోంగూర పేరుతో రెండు మొక్కలు చలామణీలో ఉన్నాయి. నారకు పేరుపడిన గోగు ఒకటి, పుల్లటి ఎర్ర గోంగూర రెండోది. టీలోకి వెళ్లేది ఈ రెండోదాని ఆకు కాదు, నిజం చెప్పాలంటే పువ్వు కూడా కాదు. పువ్వు వాడి రాలాక కాయను చుట్టుకుని ఎర్రగా, కండపట్టి మిగిలే రక్షక పత్రాలు. వాటిని ఒలిచి ఎండబెట్టి నీళ్లలో వేస్తే సూడాన్, ఈజిప్టుల్లో ‘కర్కదే’, సెనెగల్‌లో ‘బిస్సాప్’, మెక్సికోలో ‘హమైకా’. కరీబియన్ దీవుల్లో అది క్రిస్మస్ పానీయం. వాళ్లంతా ఈ మొక్కను తాగుతుంటే తెలుగువాళ్లు ఆకు దగ్గరే ఆగి, నూరుకుని, వేడన్నంలో కలుపుకుని ఉల్లిపాయ కొరుక్కున్నారు. ఆ ఎర్ర కాయలతోనూ కొన్ని ఇళ్లలో పచ్చడి చేస్తారు గాని, వేడినీళ్లు పోసి తాగాలన్న ఆలోచన ఎందుకో పెద్దగా రాలేదు.

మరి బొమ్మలో ఉన్న స్ట్రాబెర్రీ ఏమైంది? చాలా మిశ్రమాల్లో అది వాసనగా మాత్రమే ఉంటుంది. రంగూ పులుపూ గోంగూరవి, కాస్త గుజ్జుదనం ఎండు ఆపిల్ ముక్కలది, పండు పేరు మాత్రం ఆవిరిది. కప్పు ముక్కు దగ్గరికి వచ్చినప్పుడు పండు ఉంటుంది, నోట్లోకి వెళ్లాక పులుపు మిగులుతుంది. మొదటిసారి తాగినవాళ్లు ‘వాసన బాగుంది గాని రుచి లేదే’ అనడం అందుకే. ఆ మాటలో ఫిర్యాదు కన్నా శాస్త్రం ఎక్కువుంది.

దీన్ని తేల్చుకోవడానికి విదేశీ డబ్బా కొననక్కర్లేదు. నెల్లూరు జిల్లా పడమటి కొసన, వెలిగొండల కింద ఉన్న సీతారామపురం చాలు.

నెల్లూరు అనగానే సముద్రం, చేపల పులుసు, డెల్టా వరిమడులు కళ్లముందు కదులుతాయి. సీతారామపురం నెల్లూరు అది కాదు. ఇది మెట్ట. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం ఒకవైపు, ఘటిక సిద్ధేశ్వరం కోన ఇంకోవైపు. కొండ దాటితే కడప సీమ. వాన తక్కువ, ఎండ ఎక్కువ. అలాంటి నేలలో బతికే మొక్కలు నీళ్లను పొదుపు చేసుకుంటూ, ఆకుల్లో, వేళ్లలో, బెరళ్లలో ఘాటైన రసాయనాలను దాచుకుంటాయి. వాటిలో కొన్ని పురుగులను, పశువులను దూరం పెట్టడానికి చేసుకున్నవే. మనుషులు వాటినే సువాసన అంటారు, మందు అంటారు.

ఇక్కడి దినుసులతో ఒక పూలపండ్ల టీ కలపాలంటే పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. పులుపుకు ఎర్ర గోంగూర కాయల పత్రాలు, పండుకు ఎండు ఉసిరి. పూలకు బీడు నిండా పూసే తంగేడు, కంచెకు అల్లుకునే శంఖుపుష్పం. ఊళ్లలో దీన్నే దింటెన అంటారు. పరిమళానికి పెరటి నిమ్మగడ్డి, వంటింటి ధనియాలు, కొండ సుగంధి వేరు. తంగేడు పూల కషాయం కొత్త సంగతేమీ కాదు, పొరుగున తమిళనాడులో ‘ఆవారంపూ’ టీ అని పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. తేయాకు లేదు కాబట్టి కెఫీన్ ఊసే లేదు. వృక్షశాస్త్రం లెక్కన టీ అంటే కామెల్లియా సైనెన్సిస్ ఆకు ఒక్కటే, మిగతావన్నీ మర్యాదకు టీలు.

ఈ కప్పును ముక్కు మూసుకుని ఒక గుటక తాగితే నాలుకకు తెలిసేవి రెండే రెండు. పులుపు, వగరు. అంతే. పూలూ లేవు, పండూ లేదు, నిమ్మా లేదు. గుటక మింగి ముక్కు వదలగానే గొంతు వెనక నుంచి ఒక్కసారిగా నిమ్మగడ్డి, ధనియాలు, వేరు పరిమళం అన్నీ పైకి లేస్తాయి. ఇదే పరీక్షను ఇంట్లో సోంపుతో చేయొచ్చు. ముక్కు మూసుకుని నమిలితే కాస్త తీపి, కాస్త పీచు. ముక్కు వదిలితే అప్పుడు సోంపు.

వాసనకు ముక్కులోకి రెండు దారులున్నాయి. ముందు దారి అందరికీ తెలిసిందే, పువ్వును ముక్కు దగ్గర పెట్టుకున్నప్పటి దారి. రెండోది దొడ్డిదారి. నోట్లో పదార్థం వేడెక్కి, నలిగి, దాని ఆవిరి గొంతు వెనక నుంచి పైకెక్కి, ఊపిరి విడిచేటప్పుడు ముక్కులోని వాసన పొరను తాకుతుంది. వాసనది రెండు ముఖాల ఇంద్రియమని, లోకాన్ని పసిగట్టేది ఒకటైతే నోట్లో ఉన్నదాన్ని పసిగట్టేది ఇంకొకటని అమెరికా మనస్తత్వవేత్త పాల్ రోజిన్ 1982లో వాదించారు. విచిత్రమేమిటంటే, దొడ్డిదారిన వచ్చిన వాసనను మెదడు ముక్కు ఖాతాలో వేయదు, నాలుక ఖాతాలో జమచేస్తుంది. జలుబు చేసినప్పుడు ‘నాలుక చచ్చిపోయింది’ అంటారు. నాలుక నిక్షేపంగానే ఉంటుంది, పూడింది దొడ్డిదారి.

వాసన పట్టే గ్రాహకాలను 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ కనిపెట్టారు, 2004లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మనిషి ముక్కులో ఇవి సుమారు 400 రకాలు. నాలుక మీద తీపికి, పులుపుకు, ఉప్పుకు, మాంసపు రసంలో తెలిసే ఉమామికి తలా ఒకటో రెండో ఏర్పాట్లుంటే, చేదుకు మాత్రం పాతిక దాకా ఉన్నాయి. విషాలు ఎక్కువగా చేదుగా ఉంటాయి కనుక ప్రకృతి ఆ వాకిట్లో కాపలా పెంచినట్టుంది. పులుపు సంగతి ఇటీవలిదాకా తేలలేదు. ఓటాప్1 అనే ప్రోటీన్ ఆమ్లంలోని ప్రోటాన్లను కణంలోకి పోనిచ్చే ద్వారమని 2018లో, నాలుకకు పులుపు తెలిసేది దాని వల్లేనని 2019లో స్పష్టమైంది. అంటే తరతరాల గోంగూర పచ్చడికి శాస్త్రీయ సంజాయిషీ వచ్చి పదేళ్లు కూడా కాలేదు.

నాలుక, ముక్కు వేరువేరుగా పనిచేస్తాయని చూపడానికి తెలుగు ఇళ్లలో ఏడాదికొకసారి ఒక ప్రయోగం జరుగుతుంది. దాని పేరు ఉగాది పచ్చడి. మామిడి పండు జాతి, వేపపువ్వు పూల జాతి. పక్కన కొత్త చింతపండు, కొత్త బెల్లం, ఉప్పు, కారం. ఇంతకన్నా పూలపండ్ల మిశ్రమం ఏ డబ్బాలో దొరుకుతుంది? ఇందులో అసలు పాఠం వేపపువ్వుది. ఎండలు ముదరకముందు వేపచెట్టు పూసినప్పుడు సాయంత్రం దాని కింద నిలబడితే తేనెలాంటి తియ్యటి వాసన. అదే పువ్వు నాలుక మీద పడితే చేదు. ముక్కుకు తేనె, నాలుకకు చేదు, పదార్థం ఒక్కటే. వేపపువ్వును నేతిలో వేయించి చారులో వేసే ఇళ్లవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

‘తియ్యటి వాసన’ అన్న మాటే ఆలోచించదగ్గది. వాసనకు తీపి ఎక్కడిది? తీపి నాలుక మీది చక్కెర గ్రాహకానిది. యాలకుల వాసన, పచ్చకర్పూరం వాసన తియ్యగా ఎందుకు తోస్తాయంటే, చిన్నప్పటి నుంచి అవి పాయసంలోనో లడ్డూలోనో చక్కెర వెంటే నోట్లోకి వచ్చాయి కాబట్టి. మెదడు రెంటినీ ముడివేసేసింది. 1988లో రాబర్ట్ ఫ్రాంక్, జెనిఫర్ బైరమ్ అనే పరిశోధకులు చక్కెర కలిపిన మీగడకు స్ట్రాబెర్రీ వాసన పట్టించి రుచి చూపించారు. చక్కెర మోతాదు మారకపోయినా తినేవాళ్లకు తీపి పెరిగినట్టు తోచింది. వేరుశనగ వెన్న వాసన పట్టిస్తే ఏమీ పెరగలేదు. ముక్కు మూయిస్తే స్ట్రాబెర్రీ మాయ కూడా పోయింది. పండ్ల టీ వ్యాపారమంతా ఈ ముడి మీదే నడుస్తుంది. ఆ వాసన తీపిని వాగ్దానం చేస్తుంది, కప్పులో చక్కెర లేకపోవడంతో నాలుక నిలదీస్తుంది. అర చెంచా తేనె కలిపితే మాత్రం తగాదా తీరుతుంది, స్ట్రాబెర్రీ పండు దగ్గరికి వచ్చినట్టే ఉంటుంది.

నిమ్మ దగ్గర ఈ విడదీత ఇంకా స్పష్టం. నిమ్మగడ్డి నూనెలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా సిట్రాల్ అనే పదార్థం ఉంటుంది. నిమ్మతొక్క వాసనలో ఉన్నదీ అదే. కాబట్టి నిమ్మగడ్డి కప్పులో నిమ్మ వాసన ఉంటుంది, పులుపు ఉండదు. గూడూరు మార్కెట్‌కు బస్తాలుగా వెళ్లే నిమ్మకాయను తీసుకుని, తొక్క తగలకుండా రసం మాత్రం పిండి వడకడితే పులుపు నిండుగా ఉంటుంది, పరిమళం బాగా పలచబడుతుంది. నిమ్మ అని ఒక్క మాటగా అనుకునేది నిజానికి రెండు సరుకులు, ఒకటి ముక్కుది, ఒకటి నాలుకది.

ధనియాల సంగతి మరీ తమాషా. ధనియాలను పూలతో పోల్చే తెలుగువాళ్లు ఎవరూ ఉండరు. కాని ధనియాల నూనెలో సగానికి పైగా లినలూల్ ఉంటుంది. మల్లెలోనూ లావెండర్‌లోనూ పూల పరిమళం మోసే అణువుల్లో అదొకటి. డార్జిలింగ్ టీకి పూల వాసన ఇచ్చే వాటిలోనూ ఉంటుంది. పైత్యం చేసిందనో, వేడి చేసిందనో అమ్మమ్మలు కాచిచ్చిన ధనియాల నీళ్లు పూల టీయే, పేరు మాత్రం పెట్టలేదు. వేయించకుండా, ఊరికే కచ్చాపచ్చాగా దంచి వేడినీళ్లు పోసి మూతపెట్టి, మూత తీయగానే వాసన చూస్తే ఆ పూలు దొరుకుతాయి. వేయించారా, కూర గుర్తొస్తుంది.

రంగు కూడా రుచి చెబుతుంది, కొన్నిసార్లు అబద్ధం చెబుతుంది. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధకులు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి, వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు ఇచ్చారు. వాళ్లంతా ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాని వాసనను వర్ణించారు. ఎర్రటి టీలో పండు వెతుక్కోవడం కూడా అలాంటిదే. గోంగూర ఎరుపు ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాల వల్ల వస్తుంది. పులుపు ఉన్నంతసేపూ ఎర్రగా ఉంటాయి, పులుపు చచ్చితే నీలం వైపు జారతాయి. పసుపులో సున్నం పడితే ఎర్రబడి పారాణి అవుతుంది చూశారా, ఆ కోవదే ఈ మార్పు. దింటెన పువ్వులోనూ ఆంథోసయనిన్లే ఉన్నాయి గాని, వాటి నిర్మాణం వల్ల మామూలు నీళ్లలోనే నిలకడైన నీలం ఇస్తాయి. నిమ్మరసం చుక్కలు పడితే ఊదా, తర్వాత గులాబీ. అందుకని ఈ రెంటినీ ఒకే కప్పులో ఒకేసారి నానబెడితే నీలం కనపడే అవకాశమే లేదు, గోంగూర పులుపు దాన్ని మొదట్లోనే మింగేస్తుంది. వేడుక చూడాలంటే దింటెన నీళ్లు గాజుగ్లాసులో విడిగా పెట్టి, గోంగూర టీని పైనుంచి సన్నటి ధారగా పోయాలి. ఇంత సంబరం చేసే దింటెనకు తనదంటూ చెప్పుకోదగ్గ వాసనా లేదు, రుచీ లేదు. కంటికి మాత్రమే టీ.

వగరు దగ్గర కాస్త ఆగాలి. ఇది తెలుగు నాలుకకు, పాశ్చాత్య పాఠ్యపుస్తకానికి మాట కుదరని చోటు. షడ్రుచుల్లో తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదుతో పాటు వగరుకూ సమాన పీట. శరీరశాస్త్రం మాత్రం కారాన్ని, వగరును రుచుల పట్టీలోంచి తీసేసి స్పర్శ కింద రాసుకుంది. కారం అంటే నొప్పి, వేడి తెలిపే నాడుల పని. మిరపలోని కాప్సైసిన్ తాకే గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. వగరు ఇంకా మోటు వ్యవహారం. టానిన్లు లాలాజలంలోని జారుడు ప్రోటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి. నోరు నూనె తీసిన బండి ఇరుసులా రాపిడి పెడుతుంది. తంగేడు బెరడుతో తోళ్లు ఊనడం పాత పరిశ్రమ. పచ్చి తోలులోని ప్రోటీన్లను బిగించి చర్మాన్ని గట్టిపరిచే టానిన్లు దాంట్లో పుష్కలం. కాబట్టి వగరు టీ తాగడమంటే నోటిని కొంచెం కొంచెంగా తోలు ఊనడమే. సంస్కృతంలో వగరు రుచికీ, కాచిన మందుకూ ఒకటే మాట, కషాయం. ఆ పేరు పెట్టినవాళ్లు తాగే పెట్టి ఉంటారు.

స్పర్శ అన్నంత మాత్రాన వగరును చిన్నచూపు చూడనక్కర్లేదు. పండ్ల టీలో ‘పస’ అనిపించేది చాలావరకు అదే. పులుపు ఒక్కటే ఉంటే కప్పు పలచగా, నిమ్మనీళ్లలా వెలితిగా ఉంటుంది. ఉసిరి ముక్క పడితే నోట్లో ఆనవాలు మిగులుతుంది. ఉసిరికి ఇంకో గారడీ కూడా ఉంది. పచ్చి ఉసిరికాయ నమిలి మంచినీళ్లు తాగితే నీళ్లు తియ్యగా ఉంటాయని బడిపిల్లలందరికీ తెలుసు. పులుపుకు అలవాటు పడిన నాలుక మీద వట్టి నీళ్లు తీపిగా తోచడం ప్రయోగశాలల్లోనూ నమోదైన విషయమే. అంతకుముందు రుచి చూసినదాన్ని బట్టి నీళ్ల రుచి మారిపోతుంది. నెల్లూరుకు ఆ పేరు నెల్లి, అంటే ఉసిరి చెట్టు వల్ల వచ్చిందని, ఆ చెట్టు కింద లింగం వెలసిందని మూలస్థానేశ్వరుడి గుడి కథ చెబుతుంది. నెల్లు అంటే వరి, ఊరి పేరు దాన్నుంచి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. టీ పక్షాన మాట్లాడితే ఉసిరికే ఓటు.

ఈ కప్పులో అసలు వింత దినుసు వేరు. సుగంధిపాల తీగ వేరును దంచితే వెనిలాకు దగ్గరగా, కొంచెం మట్టి తగిలిన పరిమళం వస్తుంది. పోలిక ఊరికే వచ్చింది కాదు. వెనిలా వాసనకు మూలమైన వెనిలిన్‌లో, సుగంధి వేరులోని ముఖ్య పరిమళ ద్రవ్యంలో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు అవే, అన్నే. కొన్ని గుంపులు వలయం మీద అతుక్కున్న చోటు మాత్రం వేరు. ఒకే ఇంట్లో మంచం, బీరువా స్థానాలు మార్చినట్టు. ముక్కు ఆ సర్దుబాటును కూడా పట్టేస్తుంది. నెల్లూరు, రాయలసీమ ఎండాకాలాలను కాచే నన్నారి షర్బత్తులో ఉన్నది ఈ పరిమళమే. తూర్పు కనుమల్లో దొరికే మారేడు గడ్డల్లోనూ అదే అణువు మెండుగా ఉంటుంది. గిరిజనులు అడవిలో తవ్వితెచ్చే ఈ గడ్డలు చాలాకాలంగా షర్బత్తులకు, పచ్చళ్లకు ముడిసరుకు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా నన్నారి షర్బత్తు అమ్ముతుంది. అయితే ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, పువ్వు తుంచితే మళ్లీ పూస్తుంది, గడ్డ తవ్వితే మొక్కే పోతుంది. మారేడు గడ్డ మొక్క ఇప్పుడు ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో ఉంది. అందుకని టీ కప్పులో దానికి బదులు పెరట్లో పెంచిన సుగంధి తీగ వేరు చిటికెడు వేసుకోవడం మేలు. చిటికెడు చాలు, ఎక్కువైతే మిగతా పరిమళాలన్నీ దాని కింద అణిగిపోతాయి.

కాచే పద్ధతిలోనే సగం రుచి ఉంది. ఆయుర్వేదం ఈ పనికి మూడు వేర్వేరు పేర్లు పెట్టుకుంది. మరగబెట్టి సగానికో పాతికకో దించితే క్వాథం. వేడినీళ్లు పోసి, నాననిచ్చి, వడకడితే ఫాంటం. రాత్రి చన్నీళ్లలో వేసి పొద్దున వడకడితే హిమం. హెర్బల్ టీ అని డబ్బాలో వచ్చేది కచ్చితంగా ఫాంటమే. ఈ విభజన వెనక రసాయనశాస్త్రం గట్టిది. వేరు, బెరడు మొండివి, మరగనిదే ఇవ్వవు. పూలు, ఆకుల పరిమళం తేలికది, మరిగిస్తే వంటిల్లంతా గుబాళిస్తుంది, కప్పులో ఏమీ మిగలదు. ఇల్లు బాగా వాసన వస్తోందంటే టీ నష్టపోతోందని అర్థం. కాబట్టి సుగంధి వేరును ముందు కాచి, దించాక పూలు, నిమ్మగడ్డి వేసి, మూతపెట్టాలి. మూతకు అంటిన ఆవిరి చుక్కలను మళ్లీ కప్పులోకే వంచాలి, పరిమళం అక్కడే ఉంటుంది. గోంగూర పత్రాలకు హిమం కూడా బాగా నప్పుతుంది. రంగు, పులుపు చన్నీళ్లలోకి దిగుతాయి, వగరు తక్కువ దిగుతుంది.

కొలతలు కావాలంటే బ్రిటిష్ ప్రమాణాల సంస్థ 1980లో టీ రుచి చూసే పద్ధతి మీద ఆరు పేజీల పత్రమే రాసింది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. 1999లో దానికి సాహిత్య విభాగంలో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చి నవ్వుకున్నారు గాని, పోల్చి రుచి చూడాలంటే ఆ పత్రమే దారి. ప్రతి కప్పూ ఒకేలా కాచకపోతే తేడా ఆకుదో చేతిదో తెలియదు. వృత్తి రుచిదార్లు చెంచాతో తీసుకుని జుర్రున పీలుస్తారు. పీల్చినప్పుడు టీ తుంపరై ఆవిరి దొడ్డిదారి పడుతుంది. టీ జుర్రుకుంటూ సాసర్‌లో తాగే పెద్దవాళ్లను మోటు అనుకున్నవాళ్లు మాట మార్చుకోవలసి ఉంటుంది. సాసర్‌లో పోస్తే చల్లారుతుంది కూడా. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అలవాటుగా తాగడం అన్నవాహికకు క్యాన్సర్ ముప్పు తేవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో హెచ్చరించింది.

చెంచా మాట వచ్చింది కనుక, ఈ పనికి ఉదయగిరిని మించిన ఊరు లేదు. దుర్గం చుట్టుపక్కల అడవి చెక్కతో చేసే ఉదయగిరి చెంచాలు, గరిటెలు భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు. పుల్లటి ద్రవంలో లోహపు చెంచా పెడితే ఆ లోహం కూడా రుచిలో వాటా అడుగుతుంది. 2012లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులతో కలిసి చేసిన ఒక పరీక్షలో జింకు, రాగి పూత చెంచాలతో తిన్నవాళ్లకు అదే మీగడ చేదెక్కినట్టు తోచింది. రాగి చెంబులో చింతపండు పెట్టకూడదన్న ఇంటి నియమానికి ఇది దూరపు బంధువు. చెక్కకు ఆ పేచీ లేదు. కాకపోతే నిన్నటి పచ్చడి వాసన దాచుకుంటుంది, టీకి వేరే చెంచా పెట్టుకోవాలి.

రుచి చూశాక చెప్పడం ఇంకో కష్టం. నాలుకకు ఆరు మాటలు సిద్ధంగా ఉన్న భాషలో ముక్కుకు ఏమున్నాయి? నీచు, కవురు, పచ్చి, మాడు, ముక్కిన, కంపు, గబ్బు. వస్తువు పేరు చెప్పకుండానే వాసన జాతిని పట్టిచ్చే చక్కటి మాటలు, కాని అన్నీ చెడ్డ కబుర్లే. మంచి వాసన దగ్గరికి వచ్చేసరికి ‘కమ్మన’, ‘ఘుమఘుమ’ తర్వాత తెలుగు తడబడి మల్లె వాసన, మామిడి వాసన అంటూ వస్తువుల పేర్లు పట్టుకుంటుంది. పాడైన తిండిని కనిపెట్టడం ప్రాణావసరం, పూలను వర్గీకరించడం తీరికపని, బహుశా అందుకే. అన్ని భాషలూ ఇలా లేవు. మలయా ద్వీపకల్పపు అడవుల్లోని జహాయ్ జనం భాషలో వాసనలకే డజను దాకా ప్రత్యేక పదాలున్నాయని, రంగుల పేర్లు చెప్పినంత తేలిగ్గా వాళ్లు వాసనల పేర్లు చెబుతారని ఆసిఫా మజీద్, నిక్లస్ బురెన్‌హల్ట్ 2014లో చూపారు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు అదే పరీక్షలో తడబడ్డారు. డబ్బా మీద ‘ఫ్రూటీ, ఫ్లోరల్’ అని రాసుకోవడం ఆ తడబాటుకు వేసిన ముసుగే. ఏ పండు, ఏ పువ్వు? పిందె మామిడా, మాగిన జామా? సందె మల్లా, తెల్లారి వాడిన మల్లా? రాత్రి విచ్చిన మల్లెకూ పొద్దుటి మల్లెకూ తేడా తెలిసిన జడలున్న ఊళ్లలో ‘పూల వాసన’ అని తేల్చేస్తే ఎవరూ ఒప్పుకోరు.

ఆరోగ్యం గురించి రెండు మాటలు, ఎందుకంటే డబ్బా మీద ఇరవై ఉంటాయి. గోంగూర పత్రాల టీ మీద గట్టి పరీక్ష ఒకటుంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రక్తపోటు కాస్త ఎక్కువగా ఉన్న 65 మందిని తీసుకుని, కొందరికి రోజుకు మూడు కప్పుల గోంగూర టీ, మిగతావాళ్లకు అదే రుచి ఉన్న ఉత్తుత్తి పానీయం ఆరు వారాలు ఇచ్చి 2010లో ఫలితం ప్రకటించారు. టీ తాగినవాళ్ల పై రక్తపోటు సగటున 7.2 పాయింట్లు, మిగతావాళ్లది 1.3 పాయింట్లు తగ్గింది. మందులు మానేయడానికి ఇది కారణం కాదు. నిజానికి రక్తపోటు మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగే తాగాలి. పీహెచ్ 3కు అటూఇటూ ఉండే పానీయం కాబట్టి రోజంతా చప్పరిస్తే పళ్ల ఎనామిల్‌కు మంచిది కాదు. అడవి మొక్కలతో ఇంకో జాగ్రత్త: తంగేడు ఒక మొక్క, విరేచనకారి అయిన నేల తంగేడు ఇంకో మొక్క. గన్నేరు ఎంత అందంగా పూసినా విషం. పేరు తెలిసినవాళ్లు చూపించని పువ్వును కప్పులో వేయకూడదు.

టీ వడకట్టాక జల్లెడలో ఎర్రటి పత్రాలు మెత్తబడి మిగులుతాయి. డబ్బా టీ తాగే ఊళ్లలో అవి చెత్తబుట్టకు పోతాయి. మెక్సికోలో మాత్రం ఉల్లిపాయ, మిరపకాయలతో వేయించి రొట్టెలో చుట్టుకు తింటారు. సీతారామపురంలోనైతే రోలుంది, ఎండుమిరపకాయలున్నాయి, వెల్లుల్లి ఉంది. పులుపు కొంత నీళ్లలోకి పోయింది కాబట్టి చింతపండు రెబ్బ ఒకటి అదనంగా వేసుకోవాలి.